మూడు వారాల సెలవు, తోడుగా అమ్మ: కామినో ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ. మే నెలలో వారాంతాలతో కలిపి ఇరవై మూడు రోజుల సెలవు దొరుకుతుంది. ఫ్రాన్సు సరిహద్దులోని సాఁ జాఁ పియె ద పోర్ నుంచి స్పెయిన్‌లోని శాంటియాగో దె కొంపొస్తేలా వరకు సాగే కామినో అనే పాత క్రైస్తవ కాలినడక యాత్రా మార్గం మొత్తం నడవాలని కోరిక. అరవై మూడేళ్ల అమ్మగారు కూడా వస్తానంటున్నారు. ఆవిడ శాకాహారి, గుడ్డు ముట్టరు, మోకాళ్లు అప్పుడప్పుడు నొప్పి పెడతాయి, బీపీ మాత్ర వేసుకుంటారు. అక్కగారు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటారు కాబట్టి అమ్మగారు ముందు అక్కడ కొన్నాళ్లు ఉంటారు. నడక అయ్యాక బార్సిలోనా, రోమ్ చూసుకుని హైదరాబాద్ రావాలి.

మొత్తం దారి కుదరదు. ఫ్రెంచ్ దారి అని పిలిచే ఈ మార్గం సుమారు 780 కి.మీ. నడక అలవాటున్నవాళ్లు కూడా 32 నుంచి 35 రోజులు పెట్టుకుంటారు. రానూపోనూ ప్రయాణాలు పోగా మీకు చేతిలో ఉండేవి పద్దెనిమిది, పందొమ్మిది రోజులు. అంటే రోజుకు 40 కి.మీ. పైన నడవాలి. ఒకరోజు నడుస్తారు, రెండోరోజు నడుస్తారు, నాలుగో రోజుకి మడమ దగ్గర నరం వాచి బస్సెక్కుతారు. ఈ దారిలో ఒక రోజు ఎంత దూరం నడవగలరన్నది అసలు లెక్కలోకే రాదు. మర్నాడు పొద్దున లేచి మళ్లీ నడవగలరా అన్నదే లెక్క. మిగతా నిర్ణయాలన్నీ దాన్ని పట్టి తీసుకోవాలి.

నా సలహా ఇది. మీరు దారి మధ్యలో ఉన్న లియోన్ నగరంలో మొదలుపెట్టండి. పది రోజుల్లో సారియా అనే ఊరు చేరతారు. అక్కగారు అమ్మగారిని సారియాకి తీసుకొస్తే, అక్కణ్ణుంచి చివరి 115 కి.మీ. ఇద్దరూ ఎనిమిది రోజుల్లో నిదానంగా నడవండి. ఒక రోజు మిగిలితే శాంటియాగోలోనే ఉండి, బస్సులో సముద్రపు ఒడ్డుకి వెళ్లి రండి. బార్సిలోనా, రోమ్ ఈసారికి వదిలేయండి. వారం పైన పల్లెల్లో కాలినడకన తిరిగి, ఆ మర్నాడే రోమ్ మెట్రోలో జేబుదొంగల్ని కాచుకుంటూ నిలబడటం అమ్మగారికి శిక్ష. రోమ్‌కి వేరే సెలవు పెట్టుకుని వెళ్లండి, అది దానికి తగిన ఊరు.

లియోన్ నుంచి మొదలుపెడితే బుర్గోస్, లియోన్ల మధ్య ఉన్న మెసెటా మైదానం మీకు దక్కదు. అది నాకు ఇష్టమైన భాగం. చాలామంది విసుగని బస్సులో దాటేస్తారు గానీ, గోధుమ చేల మధ్య తిన్నగా సాగే ఆ దారిలోనే మనసు నిజంగా ఖాళీ అవుతుంది. ముందుముందు ఎప్పుడైనా వెళ్లండి. ఇప్పుడున్న సెలవుకి మాత్రం లియోన్ సరైన చోటు. మైదానం, కొండ, స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న పచ్చటి గలీసియా ప్రాంతం, మూడూ ఈ 310 కిలోమీటర్లలోనే వస్తాయి.

మాడ్రిడ్‌లో దిగి రైల్లో లియోన్‌కి రెండు గంటల పైచిలుకు. వెళ్లిన సాయంత్రం కెథీడ్రల్ లోపలికి వెళ్లి కూర్చోండి, ఆ రంగు అద్దాల కిటికీలకి సాటి స్పెయిన్‌లో మరొకటి లేదని నా అభిప్రాయం. ఊరు దాటాక లా విర్హెన్ దెల్ కామినో దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి హైవే పక్కనే పోతుంది. రెండోది వియ్యార్ దె మసరీఫె మీదుగా పొలాల్లోంచి వెళ్తుంది. రెండోది పట్టుకోండి. ఓస్పితాల్ దె ఓర్బిగో దగ్గర రెండూ కలుస్తాయి. అక్కడి పొడవాటి రాతి వంతెన మీదే 1434లో సువేరో దె కిన్యోనెస్ అనే యోధుడు తన ప్రేమ మొక్కు కోసం వచ్చిన ప్రతి యోధుణ్నీ ద్వంద్వయుద్ధానికి పిలిచి, వారాల తరబడి నిలబడ్డాడు. అది ముగిశాక తనూ శాంటియాగోకి యాత్ర వెళ్లాడు.

అస్తోర్గాలో వాస్తుశిల్పి గౌడీ రూపకల్పన చేసిన బిషప్ భవనం చూసి ముందుకెళ్తే కొండ మొదలవుతుంది. ఇరవై కిలోమీటర్లలో రబనాల్ అనే చిన్న ఊరు. ఆ రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి. అక్కడి బెనెడిక్టైన్ సన్యాసులు సాయంత్రం చిన్న రాతి గుడిలో లాటిన్‌లో ప్రార్థన పాడతారు. మతంతో పని లేకుండా అందరూ వచ్చి కూర్చుంటారు.

మర్నాడు క్రూస్ దె ఫెర్రో. సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఒక పొడవాటి కర్ర స్తంభం, దాని కొసన ఇనుప శిలువ, మొదట్లో రాళ్ల గుట్ట. యాత్రికులు ఇంటి దగ్గర్నుంచి ఒక రాయి తెచ్చి అక్కడ పెట్టి వెళ్తారు. చిన్న గులకరాయి చాలు, మోసుకెళ్లేది మీరే. అసలు కష్టం ఆ తర్వాత ఉంది. అక్కణ్ణుంచి మొలినసేకా వరకు దాదాపు 900 మీటర్ల దిగుడు, అదీ పలకరాళ్ల మీద, వదులు గులకల మీద. కాళ్లు దెబ్బతినేది ఎక్కుడులో తక్కువ, దిగుడులో ఎక్కువ. సగంలో ఎల్ అసేబో అనే ఊరుంది. మోకాళ్లు వణుకుతుంటే అక్కడే ఆగిపోండి, మొలినసేకా మర్నాడు వస్తుంది. చేతికర్రలు రెండూ ఉండాల్సింది ఈ రోజుకే. విమానంలో చేతి సంచీలో కర్రలు రానివ్వరు, కాబట్టి పెద్ద బ్యాగులో వేయండి, లేదా స్పెయిన్‌లోనే డెకాథ్లాన్‌లో కొనుక్కోండి.

పొన్ఫెర్రాదాలో టెంప్లర్లు అనే మధ్యయుగపు క్రైస్తవ యోధుల కోట. ఆ తర్వాత ద్రాక్షతోటల మధ్య విల్లాఫ్రాంకా దెల్ బియెర్సో. ఆ ఊరి శాంటియాగో గుడికి క్షమా ద్వారం అని ఒక వాకిలి ఉంది. జబ్బుపడి ఇక ముందుకు నడవలేని యాత్రికుడు ఆ వాకిలి చేరినా, పవిత్ర వత్సరం అని చర్చి జరిపే ప్రత్యేక ఏళ్లలో శాంటియాగో చేరినంత ఫలం దక్కుతుందని చర్చి ఒప్పుకుంది. నడవలేకపోయినవాడి గురించి కూడా ఆలోచించిన దారి ఇది. అందుకే నాకు దీని మీద అంత గౌరవం.

విల్లాఫ్రాంకా నుంచి ఓ సెబ్రెయిరో వరకు ఒకేరోజు ఎక్కకండి. లోయలో లాస్ ఎర్రెరియాస్ దగ్గర రాత్రి ఆగి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆ చివరి 8 కి.మీ. ఎక్కితే 1,300 మీటర్ల మీద గడ్డికప్పుల రాతి ఇళ్ల ఊరు వస్తుంది. గలీసియా అక్కడే మొదలు. ఈ ఊళ్లో ఒక్క గంట ఉన్నా ఉండండి. ఎందుకంటే ఇవాళ మనం దారి పొడుగునా గుడ్డిగా నమ్మి నడిచే పసుపు బాణాల వెనక ఉన్న మనిషి ఈ ఊరి గుడి పూజారి, దోన్ ఎలియాస్ వలీన్యా. దారిని అందరూ మరిచిపోయిన రోజుల్లో ఆయన దాని చరిత్ర మీద పరిశోధన చేశారు. 1984లో పసుపు రంగు డబ్బాలు వేసుకుని బయల్దేరి, మలుపు మలుపుకీ బాణాలు గీసుకుంటూ వెళ్లారు. 1989లో చనిపోయారు. ఆయన బాణాలు గీసే నాటికి శాంటియాగోకి ఏడాదికి వచ్చేవాళ్లు రెండు మూడు వేలు కూడా ఉండేవారు కాదు. 2024లో దాదాపు 5 లక్షల మంది వచ్చారు. గుడి ముందు ఆయన శిల్పం ఉంది.

అక్కణ్ణుంచి సారియాకి రెండు రోజులు. త్రియాకస్తేలా దగ్గర మళ్లీ రెండు దారులు: సాన్ సిల్ మీదుగా 18 కి.మీ., సామోస్ మఠం మీదుగా 25. కాళ్లు బాగుంటే సామోస్.

ఇక అమ్మగారి నడక. సారియా నుంచి శాంటియాగో వరకు మామూలుగా ఐదు రోజుల మజిలీలు. గైడ్లన్నీ అదే చెబుతాయి, రోజుకు 19 నుంచి 29 కి.మీ. పడుతుంది. ఆవిడకి అది వద్దు. నేను మా అత్తగారితో ఈ భాగం నడిచాను, అప్పుడు వేసుకున్న మజిలీలే మీకూ చెబుతున్నాను. సారియా నుంచి ఫెరెయిరోస్ 13, పోర్తోమరీన్ 9, వెంతాస్ దె నరోన్ 13, పలాస్ దె రేయ్ 12, మెలీదె 15, అర్థువా 14, ఓ పెద్రోసో 19, శాంటియాగో 20. చివరి రెండూ పెద్దవి. వాటిని సల్సేదా దగ్గర, లవకోయా దగ్గర విరిచి మూడు చేసుకుంటే ఇంకా మంచిది, ఒక రోజు ఎక్కువ పడుతుంది. పోర్తోమరీన్‌లో ఊరి మధ్య నిలబడ్డ కోటలాంటి గుడిని ఆవిడకి చూపించండి. 1960ల్లో ఆనకట్ట కట్టినప్పుడు పాత ఊరు మునిగిపోతే, ఆ గుడిని రాయి రాయికీ అంకెలు వేసి విప్పి, కొండ మీద మళ్లీ పేర్చారు. శ్రీశైలం డ్యామ్ కింద మునిగిన ఊళ్లనుంచి ఆలంపురానికి తరలిన గుళ్లు చూసినవాళ్లకి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

కొంపొస్తేలా అనే యాత్రా పత్రం కావాలంటే కనీసం చివరి 100 కి.మీ. నడిచి ఉండాలి. క్రెడెన్షియల్ అనే యాత్రికుల పుస్తకంలో రోజుకు రెండు ముద్రలు వేయించుకోవాలి. గుడిలో, సత్రంలో, కాఫీ కొట్లో, ఎక్కడైనా వేస్తారు. అమ్మగారికి మధ్యలో చేతకాకపోతే ఒక ఉపాయం ఉంది. ఆగిన చోటు గుర్తుపెట్టుకుని టాక్సీలో గదికి వెళ్లి, మర్నాడు పొద్దున అదే చోటికి టాక్సీలో వచ్చి, అక్కణ్ణుంచి నడక అందుకోవచ్చు. ఒక్క అడుగు కూడా తప్పిపోదు. టాక్సీ నంబర్లు ప్రతి బార్ గోడ మీదా అంటించి ఉంటాయి.

బస గురించి మీ ఇద్దరికీ రెండు వేర్వేరు జవాబులు. లియోన్ నుంచి సారియా వరకు మీరు ఆల్బెర్గేల్లో, అంటే యాత్రికుల సత్రాల్లో ఉండండి. గలీసియా ప్రభుత్వ సత్రాల్లో మంచానికి సుమారు 10 యూరోలు, ప్రైవేటువాటిల్లో 15 నుంచి 20. ఒకే హాల్లో ఆడా మగా అందరూ, ఒకదాని మీద ఒకటి మంచాలు, రాత్రి పదికి దీపాలు ఆర్పేస్తారు, పొద్దున ఎనిమిదికల్లా ఖాళీ చేయాలి. ఊరి చర్చి నడిపే కొన్ని పారిష్ సత్రాల్లో ధర ఉండదు, హుండీలో మనకి తోచింది వేయాలి. దయచేసి వాటిని ఉచితం అనుకోకండి, నిన్న వచ్చినవాళ్లు వేసిన డబ్బుతోనే ఈరోజు మీకు సూప్ కాస్తారు. అమ్మగారు మాత్రం ఆ హాళ్లలో పడుకోలేరు. పై మంచం ఎక్కలేరు, పక్కన గురకలకి నిద్ర పట్టదు, ఉమ్మడి బాత్రూమ్ ఇబ్బంది. సారియా నుంచి ఇద్దరికీ పెన్సియోన్‌లో, అంటే చిన్న లాడ్జిలో, గది తీసుకోండి, 45 నుంచి 70 యూరోల మధ్య దొరుకుతుంది. ఈ భాగంలో రద్దీ విపరీతం కాబట్టి గదులన్నీ ముందే బుక్ చేయండి. జూలై 25 ఆదివారం పడిన ఏడాదిని పవిత్ర వత్సరంగా జరుపుతారు, 2027 అలాంటిది. మీరు వెళ్లేది ఆ ఏడాదే అయితే ఆరు నెలల ముందే పని మొదలుపెట్టండి.

ఆవిడ సంచీ ఆవిడ మోయకూడదు. ఒక మజిలీ నుంచి తర్వాతి మజిలీకి సంచీ చేరవేసే సేవలు ఉన్నాయి, తపాలా శాఖ కొర్రెయోస్ కూడా చేస్తుంది, మజిలీకి 5 నుంచి 7 యూరోలు. చాలా ప్రభుత్వ సత్రాలు అలా వచ్చిన సంచీలు తీసుకోవు, పెన్సియోన్‌లు తీసుకుంటాయి. భుజాన ఒక చిన్న సంచీ ఉంటే చాలు. అందులో నీళ్లు, వానకోటు, మాత్రలు, కాస్త తిండి. ఇంకొకటి: దారిలో టాయిలెట్ అంటే కాఫీ కొట్లదే, అందులో నీళ్లుండవు, కాగితమే. చిన్న ప్లాస్టిక్ సీసా ఒకటి అందుకోసమే పెట్టుకోమనండి. ఇలాంటి చిన్న ఇబ్బందులే పెద్దవాళ్లని నడకకన్నా ఎక్కువ కుంగదీస్తాయి.

తిండి దగ్గర కొంచెం ఎక్కువ చెప్పాలి. గుడ్డు కూడా తినని శాకాహారికి స్పెయిన్ పల్లెలు నిజంగా కష్టమైన చోటు, కానీ సర్దుకోవచ్చు. ప్రతి కొట్లో ఉండే బంగాళాదుంప తోర్తీయాలో గుడ్డు ఉంటుంది. శాంటియాగో బాదం కేకులో గుడ్డు ఉంటుంది. సలాడ్ అడిగితే మీద ట్యూనా చేప, ఉడికిన గుడ్డు వేసి ఇస్తారు. గలీసియా ఆకుకూర సూప్ చూడటానికి మన పప్పుచారులా ఉంటుంది గానీ పంది కొవ్వుతో కాస్తారు. పప్పు అడిగితే అందులో చొరీసో అనే పంది మాంసపు సాసేజ్ ముక్కలు. అక్కడివాళ్ల దృష్టిలో హామ్ మాంసం కిందకి రాదు, అందుకని మాంసం వద్దు అంటే సరిపోదు, ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పాలి. ఈ వరస ఫోన్‌లో రాసి పెట్టుకుని చూపించండి: సిన్ కార్నే, సిన్ హామోన్, సిన్ పెస్కాదో, సిన్ అతూన్, సిన్ ఉయేవో. అంటే మాంసం, హామ్, చేప, ట్యూనా, గుడ్డు ఏవీ లేకుండా అని. చిరాకు పడరు, వంటింట్లోకి వెళ్లి కనుక్కుని వస్తారు.

ఆవిడ తినగలిగినవి ఇవి. పొద్దున కాల్చిన రొట్టె మీద టమాటా గుజ్జు, ఆలివ్ నూనె. మధ్యాహ్నం వేయించిన బంగాళాదుంపలు, ఉప్పు చల్లి వేయించిన పద్రోన్ పచ్చిమిరపకాయలు, కాల్చిన కూరగాయల పళ్లెం. పళ్లు ఎక్కడైనా చవక. రాత్రికి పెరుగన్నం. సూపర్ మార్కెట్లలో ఏమీ కలపని గట్టి పెరుగు దొరుకుతుంది, మైక్రోవేవ్‌లో నిమిషంలో వేడయ్యే అన్నం కప్పులు దొరుకుతాయి. వంటిల్లు ఉన్న బస అయితే అక్కడి పొట్టి గింజ బియ్యం వండండి, మెత్తగా ఉడికి పెరుగన్నానికి చక్కగా కుదురుతుంది. గలీసియా ప్రభుత్వ సత్రాల్లో వంటిల్లు ఉన్నా చాలాచోట్ల గిన్నెలు ఉండవు, అది చూసుకోండి. జున్ను తినేటట్లయితే, చాలా రకాల్లో దూడ జీర్ణాశయం నుంచి తీసిన పదార్థం వాడతారని ఆవిడకి ముందే చెప్పండి, నిర్ణయం ఆవిడది.

ఇంటి నుంచి కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, అటుకులు తీసుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా పెట్టకండి. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేకూడదు. పచ్చి కరివేపాకు, పచ్చిమిరపకాయలు కూడా వద్దు. ఇంకా గుర్తుంచుకోవలసింది, ఆదివారం చాలా కొట్లు మూసి ఉంటాయి, మిగతా రోజుల్లో కూడా పల్లెల్లో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఎవరూ తలుపు తీయరు. రాత్రి భోజనం అక్కడివాళ్లకి తొమ్మిదికి. యాత్రికుల కోసం ఏడింటికే పెట్టే చోట్లు ఉన్నాయి, 12 నుంచి 16 యూరోలు.

వీసా దగ్గర మీ ఇద్దరి దారులూ వేరవుతాయి, ఇది చాలామందికి తట్టదు. ఐరోపాలోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. మీకు అది స్పెయిన్, హైదరాబాద్‌లో బీఎల్ఎస్ అనే వీసా దరఖాస్తుల కేంద్రంలో ఇవ్వాలి. అమ్మగారు ఫ్రాంక్‌ఫర్ట్‌లో రెండు వారాలు, స్పెయిన్‌లో పది రోజులు ఉండేటట్లయితే ఆవిడ దరఖాస్తు జర్మనీకి వెళ్లాలి, అక్కగారి ఆహ్వానపత్రం పెట్టి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. మే నెల ప్రయాణమైతే జనవరిలోనే అపాయింట్‌మెంట్ కోసం చూడండి, వేసవి సెలవుల రద్దీ మొదలైతే దొరకవు. బస చేసే చోటి వివరాలు అడుగుతారు. సత్రాల్లో చాలావాటికి బుకింగే ఉండదు కాబట్టి మజిలీలవారీగా క్యాన్సిల్ చేసుకోగల గదులు తీసుకుని, కాలినడక యాత్ర అని కవరింగ్ లెటర్‌లో రోజూ దూరం సహా స్పష్టంగా రాయండి.

శిక్షణ గురించి. అమ్మగారు అలిపిరి మెట్లు ఎక్కారు కాబట్టి నడవగలరని రాశారు. అది మంచి సూచనే, 3,550 మెట్లు ఎక్కిన గుండె గట్టిదే. కానీ తిరుమలలో దర్శనమయ్యాక బస్సులో దిగి, మర్నాడు విశ్రాంతి తీసుకుంటాం. ఇక్కడ మర్నాడే మళ్లీ నడక. అందుకని మూడు నెలల ముందు నుంచి వారానికి నాలుగు రోజులు నడిపించండి. ఆఖరి నెలలో రెండు మూడు సార్లు వరసగా మూడు రోజులు, రోజుకు 10 నుంచి 12 కి.మీ. నడవాలి, అదే బూట్లతో, అదే సాక్సులతో. మూడో రోజు సాయంత్రం మోకాలు ఎలా ఉందో చూస్తే మీకే తెలుస్తుంది. అనంతగిరి కొండల్లో మట్టిదారి ఎక్కుడుదిగుడులు ఒకసారి చేయించండి, హైదరాబాద్ పార్కుల్లో దిగుడు అలవాటు కాదు. డాక్టర్‌కి చూపించి, మాత్రల చీటీ ఇంగ్లీషులో రాయించుకోండి. మాత్రలు చేతి సంచీలోనే ఉండాలి.

బూట్లు మామూలు సైజుకన్నా అర సైజో ఒక సైజో పెద్దవి కొనండి, నడిచిన కొద్దీ పాదం వాచి వెడల్పవుతుంది. బరువైన తోలు బూట్లు అక్కర్లేదు. నూలు సాక్సులు వద్దు, మెరీనో ఉన్ని లేదా సింథటిక్. పొద్దున వేళ్ల మధ్య వాజలీన్ రాయండి. ఎక్కడైనా మంట మొదలైతే అక్కడికక్కడే ఆగి, బూటు విప్పి, ఆరబెట్టి, టేపు వేయండి. తర్వాతి ఊళ్లో చూద్దాం అనుకుంటే అప్పటికి బొబ్బ కడుతుంది. అక్కడి మందుల షాపులవాళ్లకి రోజంతా యాత్రికుల పాదాలు చూడటమే పని, మొహమాటపడకుండా చూపించండి. మీ సంచీ బరువు మీ బరువులో పదో వంతు దాటకూడదు. నూలు బట్టలు ఆరవు, గలీసియాలో మే నెలలో వానలు తప్పవు. అమ్మగారు పంజాబీ డ్రెస్సులో నడవొచ్చు, చున్నీ పిన్ను పెట్టుకుంటే చాలు. బంగారం ఇంట్లో పెట్టి రమ్మనండి, దారిలో భయం తక్కువే గానీ మాడ్రిడ్ మెట్రోలో ఉంది.

మీరు ఒంటరిగా నడిచే పది రోజులకి: అత్యవసర నంబరు 112. స్పెయిన్ పోలీసుల అలర్ట్‌కాప్స్ అనే ఆప్ పెట్టుకోండి, దాంట్లో మీరున్న చోటు వాళ్లకి తెలుస్తుంది. చీకటితో బయల్దేరితే ఇంకొకరితో కలిసి వెళ్లండి. ప్రయాణం ఒకవేళ ఆగస్టుకి వాయిదా పడితే మాత్రం నాకు నచ్చదు. ఎండ సంగతి అలా ఉంచి, 2025 ఆగస్టులో కార్చిచ్చుల వల్ల అస్తోర్గా, పొన్ఫెర్రాదాల మధ్య దారిని కొన్నాళ్లు మూసేశారు. మే కుదరకపోతే సెప్టెంబరు.

హిందువులం, అక్కడ ఇబ్బంది ఉంటుందా అని అమ్మగారు అడిగారట. ఏమీ ఉండదు. శాంటియాగో కెథీడ్రల్‌లో ఉన్నదని నమ్మే సమాధి యేసు పన్నెండు మంది శిష్యుల్లో ఒకరిది, మన తెలుగు బైబిల్లో జెబెదయి కుమారుడైన యాకోబుది. నడిచేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ ఉంటారు. యాత్రికుల ఆఫీసులో ఎందుకు నడిచారని అడుగుతారు. మతపరంగా లేదా ఆధ్యాత్మికంగా అంటే లాటిన్‌లో పేరు రాసి కొంపొస్తేలా ఇస్తారు. కాదంటే వేరే పత్రం ఇస్తారు. భక్తితో నడిచానని ఆవిడ నిజమే చెప్పొచ్చు, ఎవరి భక్తి అని అడగరు. ముందే ఆన్‌లైన్‌లో వివరాలు నింపితే వరసలో నిలబడే పని తగ్గుతుంది. కెథీడ్రల్‌లో యాత్రికుల ప్రార్థనకి కూర్చోండి, మధ్యాహ్నం పన్నెండింటిది ముఖ్యమైనది. చివర్లో ఇచ్చే అప్పం కాథలిక్ క్రైస్తవులకే, ఆ సమయంలో మీరు కూర్చునే ఉండాలి. పెద్ద సంచీలు లోపలికి రానివ్వరు. ఎనిమిది మంది తాళ్లు లాగి ఊపే పెద్ద ధూపపాత్ర బొతాఫుమెయిరో రోజూ ఊగదు, పండగలకీ ప్రత్యేకంగా కానుక కట్టినప్పుడూ మాత్రమే. దాని మీద ఆశ పెట్టుకుని వెళ్లొద్దని ఆవిడకి ముందే చెప్పండి. బలిపీఠం వెనక మెట్లెక్కి యాకోబు విగ్రహాన్ని వెనకనుంచి కౌగిలించుకోవడం, కింద సమాధి ముందు ఒక నిమిషం నిలబడటం, ఇవి చేయించండి.

తర్వాత రోజు బస్సులో ఫినిస్తెర్రే. నడిస్తే 90 కి.మీ., బస్సులో ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. మాడ్రిడ్‌కి శాంటియాగో నుంచి వేగరైలు మూడు గంటల పైచిలుకు, టికెట్లు ముందే కొంటే బాగా చవక. అమ్మగారి తిరుగు ప్రయాణం ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానా, మీతో నేరుగా హైదరాబాద్‌కా అన్నది ఇప్పుడే తేల్చుకోండి, ఆవిడ వీసా ఏ దేశానిదో దాన్ని బట్టి మారుతుంది. అక్కగారితో మాట్లాడి, అమ్మగారు జర్మనీలో ఎన్ని రోజులు, స్పెయిన్‌లో ఎన్ని రోజులు అన్నది రాసి పంపితే, ఏ కేంద్రంలో ఏ కాగితాలు ఇవ్వాలో వివరంగా చెబుతాను.